ముప్పై ఒకటో తూటా

ఇది పెద్ద కథ. ఆయుధాలు, ఒక వీరుడు, డెబ్బై దాటిన ఒక పనివాడు, పూజ, నింద, చివర్లో నిజం బయటపడడం. కావ్యానికి కావలసిన సరుకంతా ఉంది. పన్నెండు అధ్యాయాలుగా రాద్దామని కొత్త నోటుబుక్కు కూడా తెరిచాను. రెండో పేజీకి వచ్చేసరికి కొన్ని సంగతులు ఒప్పుకోక తప్పలేదు. వీరుడు మత్తుమందు డాక్టరు. శత్రువు మూడు వందల మీటర్ల దూరంలో చెక్కచట్రానికి అంటించిన కాగితం. నింద వేసింది నేను. నిజం దాగి ఉన్నది ఒక ఫారంలో గడుల వెనక. అందుకని అధ్యాయాలు మానేసి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాలుగేళ్ళ క్రితం అక్టోబరులో, దసరా వారం, నేను ఐర్లాండ్ నడిమధ్య ఉన్న ఒక ప్రైవేటు షూటింగ్ రేంజ్‌లో గ్రేడ్ టూ టెస్ట్ టెక్నీషియన్‌ని. ఇప్పుడు ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. నా వయసు ముప్పై మూడు. రిటైరయ్యానంటే మావాళ్ళు నవ్వుతారు. ఒక పనిలోంచి మళ్ళీ అడుగు పెట్టనని బయటికొచ్చినవాణ్ణి ఇంకేమనాలో వాళ్ళే చెప్పాలి. ఇప్పుడు లిమరిక్‌లో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో నాణ్యత విభాగంలో ఉన్నాను. అక్కడ పేలేవి ఏవీ లేవు, సోమవారం మీటింగులు తప్ప.

కరీంనగర్‌లో మెకానికల్ చదివి, డండాక్‌లో మాస్టర్స్ చేసి, 'సూక్ష్మ కొలతల పరీక్షకుడు కావలెను' అన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. బేరింగులు కొలవమంటారనుకున్నాను. ఇంటర్వ్యూకి వెళితే బల్లమీద రైఫిల్ ఉంది. నేను ఉలిక్కిపడ్డాను. 'దీని గురించి మీకేం తెలుసు?' అని అడిగారు. దూరంగా ఉండాలని తెలుసు అన్నాను. అదే సరైన జవాబట, ఉద్యోగం ఇచ్చారు.

రేంజ్‌లో హోదాలు తక్కువే. అందరికీ పైన రేంజ్ ఆఫీసర్ మజెల్లా. యాభై ఏళ్ళ మనిషి, పాడి రైతుల ఇంటి ఆడపడుచు. రేంజ్ ఆఫీసర్ 'ఆపు' అందంటే పోప్ గారు గురిపెట్టి ఉన్నా వేలు తీసి పక్కన పెట్టాలి. ఆవిడ కింద ఇద్దరు గ్రేడ్ త్రీలు. వాళ్ళ కింద నేను. నా కింద ఒక ఎలక్ట్రానిక్ త్రాసు.

మా పని ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. పోటీల్లో కాల్చేవాళ్ళు దుకాణంలో దొరికే తూటాలతో తృప్తిపడరు. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ అనే బిళ్ళ, లోపల మందుపొడి, మూతిలో బుల్లెట్. ఫ్యాక్టరీ తూటాల్లో మందు కాస్త అటూ ఇటూ అవుతుంది. అది కాగితం మీద చిల్లుల్లో కనిపిస్తుంది. అందుకని ఒక్కో తూటాలో మందు విడిగా తూచి చేత్తో నింపుతారు. ఐర్లాండ్‌లో ఈ పని ఇంట్లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు చేస్తే గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, తలుపు కొడతారు. మా రేంజ్‌లో అందుకు అనుమతి ఉన్న గది ఒకటి ఉండేది. అందులో నింపేది మేము. ఆ తర్వాత రైఫిల్‌ని బల్లమీద ఇసుక సంచుల మధ్య ఆనించి, అయిదేసి చొప్పున కాల్పించి, అయిదు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తాము. ఆ అయిదింటినీ గ్రూప్ అంటారు. మంచి రైఫిల్‌కి మూడు వందల మీటర్లలో గ్రూప్ మొత్తం రెండు యూరోల నాణెం కింద దాగాలి.

ఇంతకీ ఆ వారం వచ్చిన రైఫిల్ డాక్టర్ వెంకటరత్నం గారిది. పాలకొల్లు మనిషి. లిమరిక్ ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇస్తారు. మనుషుల్ని పడుకోబెట్టడం వృత్తి, కాగితాలకి చిల్లులు పెట్టడం సరదా. జట్టు ఎంపిక పోటీ నెలాఖరున ఉందని పాత బ్యారెల్, అంటే రైఫిల్ గొట్టం, తీయించి కొత్తది వేయించుకున్నారు.

బ్యారెల్ వేసింది పాడ్రిగ్. రేంజ్ వెనకాల చిన్న వర్క్‌షాపులో యాభై ఏళ్ళుగా తుపాకులు బాగుచేస్తున్న మనిషి. వయసు డెబ్బై ఒకటి. బ్యారెల్ వేయడమంటే మర బిగించి వదిలేయడం కాదు. తూటా కూర్చునే గూడు ఒకటుంటుంది, దాన్ని చాంబర్ అంటారు. అది వెంట్రుకవాసి తేడా లేకుండా తొలవాలి. రెండేళ్ళుగా పాడ్రిగ్ కుడిచెయ్యి వణుకుతోంది. టీ కప్పు పట్టుకుంటే చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. రేంజ్‌లో కాల్చే క్లబ్బు సభ్యులు ఇద్దరు తమ రైఫిళ్ళని వేరేచోటికి తీసుకెళ్ళిపోయారు. క్లబ్బు కమిటీ పాడ్రిగ్‌కి ఒక ఉత్తరం రాసింది: డాక్టరు గారి బ్యారెల్ పరీక్ష నివేదిక శుభ్రంగా వస్తే సరే, లేకపోతే శుక్రవారం వర్క్‌షాపు తాళంచెవి ఆఫీసులో అప్పగించాలి. నివేదిక రాయాల్సింది గ్రేడ్ టూ టెక్నీషియన్. నేనే. ఒక మనిషి యాభై ఏళ్ళ పని నా సంతకం మీద ఆధారపడుతుందని ఎవరూ నాకు ఇంటర్వ్యూలో చెప్పలేదు.

సోమవారం పొద్దున డాక్టరు గారు ఒక జిప్‌లాక్ సంచి పట్టుకుని మందు నింపే గదికి వచ్చారు. అందులో పసుపు పచ్చగా ఏదో ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ గదిలోకి తెలియని పొడి ఏదైనా తెస్తే పెద్ద నేరం.

"ఏంటి సార్ అది?"

"అక్షింతలయ్యా. మీ ఆంటీ కలిపిచ్చింది. దసరా కదా, ఆయుధపూజ చేయకుండా కొత్త బ్యారెల్ పేల్చేస్తామా?"

"ఈ గదిల తినే వస్తువులు తేవద్దని బోర్డున్నది సార్."

"పచ్చి బియ్యం తినే వస్తువా? నువ్వు తింటావా? తిను, చూస్తాను."

వాదనలో పస ఉంది. పైగా పూజ అనగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. మా నాన్న దసరాకి స్క్రూడ్రైవర్‌కి కూడా బొట్టు పెట్టేవాడు. మజెల్లా అనుమతి అడిగాను. కొవ్వొత్తి ఉందా, అగ్గిపుల్ల ఉందా, పొగ వస్తుందా అని మూడు ప్రశ్నలు అడిగింది. లేదు, లేదు, రాదు అన్నాను. 'గ్రాండ్', అంటే సరే, అని వెళ్ళిపోయింది. ఐర్లాండ్‌లో ఈ ఒక్క మాటతో పెళ్ళిళ్ళు జరుగుతాయి, ఇళ్ళు చేతులు మారతాయి, ఆయుధపూజలకీ చెల్లుతుంది.

మేము ఎంతో జాగ్రత్తపరులం. దీపం వద్దన్నాం. అగరొత్తి వద్దన్నాం. కర్పూరం పేరెత్తితే నేనే డాక్టరు గారి వంక గుడ్లురిమి చూశాను. మందుపొడి డబ్బాలన్నీ ఇనప బీరువాలో ఉన్నాయో లేవో రెండుసార్లు చూశాం. ఆయన రైఫిల్‌కి గంధం బొట్టు పెట్టి, చేతులు జోడించి, తలుచుకోవలసిన దేవుళ్ళని తలుచుకుని నాలుగు అక్షింతలు వేశారు. తర్వాత తూటాలు బిగించే ప్రెస్ మీద నాలుగు.

"త్రాసు మీద గూడ వెయ్యుండ్రి సార్, పనంతా చేసేది అదే" అన్నాను.

ఆ మాట అన్నది నేను. ఎవరి మీదా తోయడానికి లేదు.

ఆయన వేశారు. త్రాసు పక్కనే, తూకపు గిన్నె కడిగి గుడ్డమీద బోర్లించి ఉంది. ఆంటీ అక్షింతల్లో నెయ్యి ధారాళంగా కలుపుతారు. ఆ విషయం నాకప్పుడు తెలియదు. పూజ అయ్యాక బల్లమీద గింజలన్నీ బ్రష్షుతో ఊడ్చాను. ఒకటికి రెండుసార్లు. బల్ల అద్దంలా ఉంది. గిన్నె తీసి త్రాసు మీద పెట్టి, సున్నా మీట నొక్కాను.

ఇక్కడ పద్ధతి చెప్పాలి. ఖాళీ గిన్నె పెట్టి మీట నొక్కితే త్రాసు ఆ బరువుని మరిచిపోయి సున్నా చూపిస్తుంది. ఆపైన గిన్నెలో వేసిన మందు బరువు మాత్రమే, మిల్లీగ్రాముల్లో, కనిపిస్తుంది. కావలసిన అంకె రాగానే మందుని గరాటు ద్వారా ఇత్తడి గొట్టంలో పోసి, గిన్నె మళ్ళీ పెడతాము. ప్రతి పది తూటాలకి ఒకసారి ఆగి, ఖాళీ గిన్నె సున్నా చూపిస్తోందా లేదా చూసి, ఫారంలో టిక్ పెట్టాలి. యాభై తూటాలకి అయిదు టిక్కులు. ఇంతకన్నా సులువైన పని ప్రపంచంలో లేదు. అదే దానితో వచ్చిన చిక్కు.

పది దగ్గర చూశాను, సున్నా. ఇరవై దగ్గర చూశాను, సున్నా. ముప్పై దగ్గర చూశాను, సున్నా. పెన్ను చేతిలో ఉంది. ఇంకో రెండు గడులు అక్కడే, పక్కపక్కనే ఖాళీగా ఉన్నాయి. మూడుసార్లు సున్నా చూపించిన త్రాసు నాలుగోసారి అబద్ధమాడుతుందా అని, మూడో టిక్కుతో పాటు ఆ రెండూ అప్పుడే పెట్టేశాను. గిన్నెకి అంటుకున్న మందుపొడి రాలడానికి అంచు మీద వేలితో టకటకా కొట్టి, ముప్పై ఒకటో తూటాకి మందు తూచడం మొదలుపెట్టాను. ముప్పై దాటాక చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. కన్ను ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోతుంది.

మంగళవారం పదింటికి పరీక్ష. వాన లేదు. ఇది నమ్మదగ్గ విషయం కాదని తెలుసు, కానీ లేదు. డాక్టరు గారు బల్ల దగ్గర కూర్చున్నారు. బుల్లెట్ వేగం కొలిచే యంత్రం దగ్గర నేను. వెనకాల మజెల్లా. తలుపు దగ్గర, చేతులు జేబుల్లో పెట్టుకుని పాడ్రిగ్. జేబుల్లో ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అటు చూడలేదు.

మొదటి ఆరు గ్రూపుల్నీ నమ్మలేక రెండేసిసార్లు కొలిచాను. ముప్పై తూటాలు, ఆరు గ్రూపులు, ఒక్కొక్కటీ నాణెం కింద దాగిపోయేంత చిన్నవి. డాక్టరు గారు పాటలు పాడడం మొదలుపెట్టారు. చెవులకి రక్షణ పెట్టుకున్నందువల్ల మేము బతికిపోయాం.

ముప్పై ఒకటో తూటా మూడు సెంటీమీటర్లు పైన పడింది.

"గాలి" అన్నారు డాక్టరు గారు. గాలి చూపించే జెండా గుడ్డ కదలకుండా వేలాడుతూ ఉంది. గాలి లేదు.

ముప్పై రెండోది కూడా పైనే పడింది. ఈసారి ఖాళీ గొట్టం బయటికి తీయడానికి బోల్ట్ ఎత్తబోతే రాలేదు. రైఫిల్ తలుపుకి గడియ లాంటిది బోల్ట్. మామూలుగా రెండు వేళ్ళకి లేస్తుంది. డాక్టరు గారు అరచేత్తో గట్టిగా కొడితే లేచింది. గొట్టం అడుగున ప్రైమర్ గుండ్రటి అంచు పోయి, అప్పడంలా పరుచుకుపోయి ఉంది. లోపల పుట్టిన ఒత్తిడి హద్దు దాటిందని దానర్థం. ఆ హద్దు ఇంకాస్త దాటితే రైఫిల్ పగులుతుంది, ఆ పగిలే చోటు కాల్చేవాడి చెంపకి జానెడు దూరంలో ఉంటుంది.

మజెల్లా 'సీజ్ ఫైర్', అంటే కాల్పులు ఆపు, అంది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచనప్పుడే ఎక్కువ భయం వేస్తుంది. డాక్టరు గారు రైఫిల్ వదిలి లేచి నిలబడ్డారు. రోజూ పదిమందికి స్పృహ తప్పించే మనిషి, తనకి తప్పకుండా గోడ పట్టుకున్నారు.

నేను యంత్రం చూశాను. ఆ రెండు బుల్లెట్లూ ముందువాటికన్నా చాలా వేగంగా వెళ్ళాయి. అందుకు ముఖ్యంగా రెండు కారణాలుంటాయి: మందు ఎక్కువ కావడం, లేదా చాంబర్ సరిగా తొలవకపోవడం వల్ల వేడెక్కేకొద్దీ బిగుసుకోవడం. మందు ఎక్కువ కావడానికి వీల్లేదు. నా దగ్గర అయిదు టిక్కులున్నాయి.

డాక్టరు గారు నన్ను పక్కకి లాగారు.

"చాంబరేనయ్యా. ఆయన చెయ్యి చూశావా? పైకి అనకూడదు గానీ నేను డాక్టర్ని, నాకు తెలీదా? పాపం అనుకుని ఇచ్చాను. నా కన్ను పోయేది."

"అట్లనే కొడ్తున్నది సార్" అన్నాను.

అంతటితో ఊరుకోలేదు. ఆఫీసుకి వెళ్ళి నివేదిక మొదలుపెట్టాను. 'తూటాల తయారీ నిర్దేశాల ప్రకారమే ఉంది. చాంబర్‌లో లోపం ఉన్నట్టు అనుమానం.' రెండు వాక్యాలు. రాయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ వేగం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అదే మనిషిని, కారు ఇన్సూరెన్స్ ఫారం నింపడానికి మూడు వారాలు తీసుకుంటాను.

తలుపు దగ్గర పాడ్రిగ్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ పూట కాల్చిన కాగితం ఉంది. వణుకుతున్న చేత్తో దాన్ని నా బల్లమీద పరిచి, పైన పడిన రెండు చిల్లుల మీద వేలు పెట్టాడు. రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నది ఇంతే: చెడ్డ చాంబర్ అయితే ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఒకటి పక్క ఊరికి పోతుంది. ఇలా రెండింటినీ తప్పుచోట పక్కపక్కన కూర్చోబెట్టే మర్యాద దానికి ఉండదు. మిగిలిన పద్దెనిమిది తూటాలూ విప్పి తూచు బాబూ. మందు సరిగా ఉంటే శుక్రవారం దాకా ఆగక్కర్లేదు, తాళంచెవి ఇప్పుడే ఈ బల్లమీద పెట్టి వెళతాను.

అని తాళంచెవి జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అందులో నాటకమేమీ లేదు. దాన్ని తీయడానికి ఆయనకి మూడు ప్రయత్నాలు పట్టాయి.

నాకు కాస్త కోపం వచ్చింది. నా టిక్కుల మీద అనుమానమా అని. ఆ కోపంతోనే మజెల్లాకి చెప్పి గది తెరిపించి, మిగిలిన తూటాలు విప్పడానికి కూర్చున్నాను. మూతిలోని బుల్లెట్‌ని నెమ్మదిగా ఊడలాగి, లోపలి మందుని తూచాలి. ముందుగా ఖాళీ గిన్నె పెట్టి సున్నా మీట కొత్తగా నొక్కాను. ముప్పై మూడో తూటా విప్పాను. ఉండాల్సిన దానికన్నా అరవై ఆరు మిల్లీగ్రాములు ఎక్కువ.

పొరపాటుగా విప్పానేమో అనుకున్నాను. తూటా విప్పడంలో పొరపాటు ఎలా ఉంటుందో నాకే తెలియదు, కానీ అనుకున్నాను. ముప్పై నాలుగోది అరవై అయిదు ఎక్కువ. ముప్పై అయిదు, అరవై ఆరు. మనిషి చెయ్యి తప్పు చేస్తే ఒక్కోసారి ఒక్కోలా చేస్తుంది. ఇలా ప్రతిసారీ ఒకే అంకె తప్పిందంటే తప్పింది చెయ్యి కాదు, సున్నా. అయిదోది విప్పేసరికి నాకు అర్థమైంది. అయినా పద్దెనిమిదీ విప్పాను. ఒక్కటైనా సరిగా ఉంటుందేమో అని. ఉంటే ఏం లాభమో ఇప్పటికీ తెలియదు.

త్రాసుని రెండు చేతులతో ఎత్తి చూశాను. కింద, రెండు కాళ్ళ మధ్య, నేను ఒకటికి రెండుసార్లు ఊడ్చిన అద్దం లాంటి బల్లమీద, పచ్చటి ముద్ద ఒకటి ఉంది. మూడు బాస్మతి గింజలు, నెయ్యితో ఒకదానికొకటి అంటుకుని, కుటుంబ సమేతంగా. బోర్లించిన గిన్నె అడుగున అంచుకి అంటుకున్నాయి. వాటితో కలిపే నేను సున్నా నొక్కాను. ముప్పై తూటాల దాకా బుద్ధిగా ఉన్నాయి. నేను టకటకా కొట్టగానే రాలిపడ్డాయి. గిన్నె అంత తేలికైంది. ఆ లోటుని నేను ప్రతి తూటాలోనూ మందుతో పూడ్చాను. ఖాళీ గిన్నె పెట్టిన ప్రతిసారీ త్రాసు 'అరవై ఆరు తక్కువ' అని రాసి చూపిస్తూనే ఉంది. ఇరవైసార్లు చూపించింది. నలభై దగ్గర చూడాల్సినవాణ్ణి, చూడకుండానే చూశానని టిక్ పెట్టి ఉన్నాను.

ఆ ముద్దని గిన్నెలో పెట్టి తూచాను. అరవై ఆరు.

కుర్చీ ఉందనుకుని కూర్చున్నాను. లేదు. అలా నేలమీదే కాసేపు ఉన్నాను. కింద నుంచి చూస్తే ఆ గది చాలా శుభ్రంగా ఉంది.

నివేదికలో నేను రాసిన రెండు వాక్యాలు గుర్తొచ్చాయి. ఆ ముసలాయన జేబులోంచి తాళంచెవి తీయడం గుర్తొచ్చింది. డాక్టరు గారి చెంప గుర్తొచ్చింది. ముప్పై మూడోది కూడా కాల్చి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. దాన్ని వెనక్కి పంపాను. అది అప్పుడప్పుడు తిరిగి వస్తూ ఉంటుంది.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో ఉన్నారు.

"సార్, చాంబర్ కాదు. అక్షింతలు."

"మా అక్షింతలా?" అన్నారు.

"మనయే సార్. మూడు గింజలు. త్రాసు కిందున్నయి."

"ఓరి నాయనో. మీ ఆంటీకి చెప్పకు. నెయ్యి ఎక్కువైందని నేను నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా." గొంతు తగ్గించారు. "రిపోర్టులో ఏం రాస్తావు? బయటి పదార్థం అని రాసెయ్. చాలు కదా? ఆ పెద్దాయన పనీ నిలుస్తుంది, నీ ఉద్యోగమూ ఉంటుంది. అక్షింతలని రాస్తే అదేంటో చెప్పమంటారు, ఆ గదిలోకి ఎవరు తెచ్చారంటారు."

"టిక్కుల సంగతి సార్?"

"ఏ టిక్కులు?"

చెప్పాను. పాలకొల్లు హాస్యం పోయింది, డాక్టరు గొంతు వచ్చింది.

"శ్రీకాంత్, నేను మత్తు ఇచ్చే ముందు సిలిండర్ చూడకుండా చూశానని రాస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెల్సు సార్."

"మరింకేం. నేను పెద్దాయన్ని అనకూడని మాటన్నాను. నువ్వు రాయకూడని మాట రాశావు. ఇద్దరం పోయి చెప్పేద్దాం. నేను రేపు వస్తాను."

నేను రేపటిదాకా ఆగలేదు. ధైర్యం వల్ల కాదు, రేపటికి మనసు మారుతుందన్న భయం వల్ల. గింజల్ని గాజు డబ్బాలో వేసి, ఫారం పట్టుకుని మజెల్లా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ డబ్బా ఎత్తి వెలుగులో చూసింది. ఏమిటిది అంది. బియ్యం అన్నాను. పసుపుగా ఎందుకుంది అంది. పసుపు వేశారు కాబట్టి అన్నాను. పూజ కోసం తానే గ్రాండ్ అన్నట్టు గుర్తుందని, ఆ సంగతి నివేదికలో తన పేరుతో సహా రాయమని చెప్పింది. బియ్యానికి ఆవిడ కోప్పడలేదు. వాళ్ళ నాన్న ట్రాక్టర్ కొన్నప్పుడు ఫాదర్ వచ్చి తీర్థం చల్లాడట, సగం ఇంజన్లో పడిందట.

తర్వాత ఫారం తిప్పి నాలుగో గడి మీద వేలు పెట్టింది. నలభై దగ్గర సున్నా చూశావా అని అడిగింది.

లేదు అన్నాను.

యాభై దగ్గర?

లేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. కేకలేస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఏదైనా బాగుండేది. నువ్వు ఇక్కడ చేరినప్పటి నుంచి నింపిన ఫారాలన్నీ ఇప్పుడు నేను మళ్ళీ చదవాలి అంది, అంతే. గింజలు నన్ను నేలమీద కూర్చోబెట్టాయి. ఈ మాట అంతకన్నా కిందికి తీసుకెళ్ళింది.

నివేదిక మళ్ళీ రాశాను. పూజ, గింజలు, టిక్కులు, అన్నీ. బుధవారం డాక్టరు గారు వచ్చి వర్క్‌షాపుకి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. పాడ్రిగ్ లేత్ మీద ఏదో తొలుస్తున్నాడు. ఆ చేతులు ఇనుము మీద ఉన్నంతసేపూ రాయిలా ఉన్నాయి. డాక్టరు గారు తన అనుమానం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పి క్షమించమన్నారు. పాడ్రిగ్ లేత్ ఆపాడు. ఖాళీగా ఉంటేనే వణుకుతుంది డాక్టర్, అందుకే ఖాళీగా ఉండను అన్నాడు. నేను కూడా క్షమాపణ చెప్పాను. ఆయన నా వంక చూసి, ఆ పూజ బ్యారెల్‌కి చేశారా త్రాసుకి చేశారా అని అడిగాడు. రెండింటికీ అన్నాను. బ్యారెల్‌కి పనిచేసింది అని మళ్ళీ లేత్ వేశాడు.

గురువారం మజెల్లా స్వయంగా యాభై తూటాలు నింపింది. పది గ్రూపులు, పదీ నాణెం కింద దాగాయి. తాళంచెవి పాడ్రిగ్ జేబులోనే ఉండిపోయింది. కమిటీ ఒక ఉత్తరం రాసింది. అందులో ఆయన గురించి ఒక వాక్యం ఉంది, నా గురించి రెండు పేజీలు. నన్ను గ్రేడ్ వన్‌కి దించి, ఆరు నెలలపాటు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదన్నారు. గ్రేడ్ వన్ అంటే అంతకుముందు ఆ రేంజ్‌లో ఎవరూ లేరు. నా కోసమే కనిపెట్టారు. ఆరు నెలలూ పూర్తిచేసి, సంతకం తిరిగి వచ్చాక రాజీనామా మీద పెట్టాను. పగతో కాదు. పేలే వస్తువుల దగ్గర పనిచేసేవాడికి విసుగు అనే గుణం ఉండకూడదు. నాకు పుష్కలంగా ఉంది.

డాక్టరు గారు జట్టు ఎంపికలో ఏమయ్యారని అడుగుతారు. వెళ్ళలేదు. పోటీ జరిగిన శనివారం ఆయనకి ఆన్‌కాల్ డ్యూటీ పడింది.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది చెబుతాను. తూటా తప్పయితే చేతిని అనుమానించే ముందు త్రాసుని అనుమానించాలి. త్రాసుని అనుమానించే ముందు తన టిక్కుని అనుమానించాలి. టిక్ పెట్టడం చూసిన తర్వాత చేసే పని, చూసే బదులు చేసే పని కాదు. సున్నా మొదట్లో ఎంత ముఖ్యమో చివర్లోనూ అంతే. ఆఖరి తూటా నింపాక సున్నా తప్పి ఉంటే, ఆఖరిసారి సరిగా చూసిన దగ్గరి నుంచి అన్నీ విప్పాలి, మినహాయింపులు లేవు. త్రాసు నిజం చెబుతోందో లేదో తేల్చడానికి వాడే తనిఖీ బరువుని వేళ్ళతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు కూడా తూగుతుంది. ప్లాస్టిక్ పటకారుతో పట్టుకోవాలి. ఆ పటకారు త్రాసు బల్ల రెండో సొరుగులో ఉంటుంది.